చైను దాటించే యంత్రం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని అద్దె గది నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పుస్తకాల సంచితో వెళ్ళివచ్చే ఉద్యోగార్థికి గేర్ల సైకిల్‌తో పని లేదు. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న సాదా సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే ఐదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. చదును దారికి అంతకన్నా హాయి ఏముంది? అదే మనిషి ఆదివారం తెల్లవారకముందే నారాయణగూడలో బయల్దేరి, వీలైనచోట మట్టి బాటలు పట్టుకుని, దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని అనంతగిరి కొండలకు వెళ్ళాలనుకుంటే ఆ ఐదు మీటర్లే మోకాళ్ళకు భారమవుతాయి. ఇలాంటి ప్రయాణాల కోసమే గ్రావెల్ బైక్ వచ్చింది. రేసు సైకిల్‌కు ఉండే వంపు హ్యాండిల్, దానికన్నా వెడల్పు టైర్లు, తారు రోడ్డుకూ కంకర బాటకూ సరిపోయే గేర్లు దీని లక్షణాలు. ముందు 40, వెనక 42 పళ్ళ మీద చైను పడితే ఒక చుట్టుకు రెండు మీటర్లే కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఏడు కిలోమీటర్ల వేగం. నెమ్మదే, కానీ దిగి నెట్టాల్సిన అవసరం రాదు. ఇంత పెద్ద పళ్ళచక్రం మీదికి చైనును ఎక్కించి దించేది వెనక చక్రం పక్కన వేలాడే డిరైలర్. దాన్ని పేరు చూసో, ధర చూసో కొనడం పొరపాటని, మూడు లెక్కలు చూసి కొనాలని నా వాదన. ఆ లెక్కలు ఎందుకు పుట్టాయో ఈ యంత్రం చరిత్రే చెబుతుంది.

ఈ యంత్రం పుట్టిన నాటి నుంచీ అనుమానాలను ఎదుర్కొంది. ఫ్రాన్స్‌లోని సెంటెతియెన్ పట్టణంలో వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వీవీ, గేర్లు మార్చుకునే సైకిల్ కోసం జీవితాంతం పోరాడాడు. 1902లో పెట్టిన ఒక కొండదారి పరీక్షలో మూడు గేర్ల సైకిల్ తొక్కిన మార్త్ ఎస్ అనే మహిళ, ఒకే గేరుతో వచ్చిన పేరున్న రేసర్ ఎడ్వార్ ఫిషర్‌ను ఓడించింది. అయినా పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని, కండబలంతో గెలవడమే గెలుపని తేల్చేశాడు. మరుసటి ఏడాది అతను మొదలుపెట్టిన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో డిరైలర్‌కు అనుమతి దొరికింది 1937లోనే. కాలికి సరిపోయే గేరు ఉంటే మనిషి ఎక్కువ దూరం పోతాడన్న చిన్న నిజం పెద్ద పందెంలో అడుగుపెట్టడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టిందన్నమాట.

తర్వాతి మలుపులు జపాన్‌లో వచ్చాయి. 1964లో సన్‌టూర్ సంస్థ డిరైలర్ చట్రాన్ని కాస్త ఏటవాలుగా అమర్చింది. దాంతో చైనును నడిపే పై కప్పీ లోపలికి జరిగేకొద్దీ కిందికి కూడా దిగుతూ, చిన్న చక్రమైనా పెద్ద చక్రమైనా పళ్ళకు ఇంచుమించు ఒకే దూరంలో ఉండసాగింది. ఆ పేటెంట్ గడువు 1984లో ముగిసింది. అదే ఏడాది షిమానో సంస్థ, గేరు మార్చే మీటను కదపగానే టిక్కుమని ఒక గేరు మారే పద్ధతిని తన రేసు సామానులో తెచ్చింది. అంతకుముందు మీట ఎక్కడ ఆపాలో చెవితో, వేలితో తెలుసుకోవాల్సి వచ్చేది. అందువల్ల ఏ మీటతోనైనా దాదాపు ఏ డిరైలర్ అయినా పనిచేసేది. టిక్కు వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. మీట ఎంత వైరు లాగుతుందో, ఆ లాగుడుకు డిరైలర్ ఎంత జరుగుతుందో, పళ్ళచక్రాల మధ్య ఎంత ఎడముందో ఈ మూడూ ఒకదానికొకటి కుదరాలి. నేటి కొనుగోలుదారు పడే చిక్కు అక్కడే మొదలైంది.

మొదటి లెక్క ఇదే. షిమానో 11 గేర్ల రోడ్డు మీట ఒక్కో టిక్కుకు సుమారు 2.7 మిల్లీమీటర్ల వైరు లాగుతుంది. దానికి జతైన డిరైలర్ ఆ లాగుడును దాదాపు 1.4 రెట్లు చేసి, పక్క చక్రానికి కావలసిన 3.7 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా జరుగుతుంది. అదే సంస్థ చేసిన 11 గేర్ల కొండ సైకిల్ డిరైలర్ 1.1 రెట్లు మాత్రమే చేస్తుంది. దాన్ని రోడ్డు మీటకు తగిలిస్తే టిక్కుకు మూడు మిల్లీమీటర్లే కదులుతుంది. మొదటి టిక్కులో ముప్పావు మిల్లీమీటరు తగ్గింది, పోనీలే అనిపిస్తుంది. కానీ అయిదో టిక్కుకల్లా ఆ లోటు ఒక పూర్తి చక్రమంత అవుతుంది. మీట ఒక గేరు చెబితే చైను ఇంకో గేరు మీద గరగరలాడుతుంది. రెండింటి మీదా ఒకే కంపెనీ పేరు ఉంది, రెండూ 11 గేర్లవే, అయినా కుదరవు. పాత 9 గేర్ల కొండ సైకిల్ డిరైలర్ మాత్రం పాత తరం 10 గేర్ల షిమానో రోడ్డు మీటతో చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ మీటకు జతైన రోడ్డు డిరైలరూ ఇదీ లాగుడును ఒకే రెట్లు చేస్తాయి. అంటే గేర్ల సంఖ్య కన్నా వైరు లెక్కకే విలువ ఎక్కువ.

మిగిలిన రెండు లెక్కలు కూడికలు, తీసివేతలే. డిరైలర్ ఎంత వదులు చైనును చుట్టుకోగలదో అదే దాని సామర్థ్యం. ముందు రెండు చక్రాల తేడాకు వెనక పెద్ద, చిన్న చక్రాల తేడా కలిపితే మనకు ఎంత కావాలో తెలుస్తుంది. ముందు 48, 31 ఉండి, వెనక 11 నుంచి 34 ఉంటే 17, 23 కలిసి 40. షిమానో 2019లో గ్రావెల్ కోసం తెచ్చిన జీఆర్ఎక్స్ సామానులో ఆర్ఎక్స్ 810 డిరైలర్ సామర్థ్యం సరిగ్గా 40. అయితే మూడో లెక్క చూస్తే, అది మోయగల పెద్ద చక్రం 34 పళ్ళదే. దాని జోడీ ఆర్ఎక్స్ 812 అయితే 42 పళ్ళ దాకా వెళ్తుంది, కానీ సామర్థ్యం 31. ముందు ఒకే చక్రం, వెనక 11 నుంచి 42 పెట్టుకునేవారికి కావలసిందీ 31 గనుక అది వాళ్ళకోసమే చేసినది. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపించే ఈ రెండింటిలో ఒకదాని పని రెండోది చేయదు.

పెద్ద చక్రానికి సరిపోకపోతే, డిరైలర్‌ను బిగించే హ్యాంగర్ కింద చిన్న లోహపు ముక్క బిగించి డిరైలర్‌ను దించుకోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే, చాలామందికి అది పనిచేస్తోంది. కానీ అది తీర్చేది పెద్ద చక్రం సమస్యనే. సామర్థ్యం పెరగదు, వైరు లెక్క మారదు. పైగా కప్పీ చిన్న చక్రాలకు దూరమై అక్కడ గేరు మందంగా మారుతుంది. ఎలక్ట్రానిక్ గేర్లు కొంటే ఈ బాధ లేదు కదా అన్నది రెండో మాట. వైరు లెక్క పోతుంది, కూడికలు మాత్రం మిగులుతాయి. అందరూ అంత ఖర్చు భరించలేరు కూడా. ఇవన్నీ కంపెనీలు అమ్మకాల కోసం పెట్టిన అడ్డుగోడలేనన్న కోపంలో కొంత న్యాయముంది. 2023లో షిమానో తెచ్చిన క్యూస్ సామానులో 9, 10, 11 గేర్ల చక్రాలకు ఒకే ఎడం, మీటలకు ఒకే లాగుడు పెట్టడం చూస్తే, ఈ గోడలను తగ్గించడం సాధ్యమేనని తయారీదారే ఒప్పుకున్నట్టయింది. ఇంకా ముందుకు పోవాలని మనం అడగాలి.

ఆలోగా కొనేవారికి నా మాట ఒకటే. దుకాణానికి వెళ్ళేముందు ఒక కాగితం తీసుకుని మీ మీట ఏ రకమో, ముందూ వెనకా పళ్ళు ఎన్నో, ఎక్కించాలనుకున్న పెద్ద చక్రం ఏదో రాసుకోండి. తయారీదారు పట్టికలో ఆ డిరైలర్ ఎదురుగా ఉన్న అంకెలతో పోల్చండి. మూడూ కుదిరితే పాతదైనా, చవకదైనా నిశ్చింతగా కొనండి. ఒక్కటి కుదరకపోయినా ఎంత గొప్ప పేరున్నదాన్నైనా వదిలేయండి.