అన్న ‘వచ్చాడా’? ‘వచ్చుండాడా’? ఇంగ్లిష్‌లో చిక్కంతా ఇక్కడే!

ఒక్క మాట జారితే, ఉద్యోగంలో ఉన్నవాళ్లు కాస్తా మానేసినవాళ్లు అయిపోతారు. నమ్మరా? అయితే ఇది చూడండి. ఒక కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్న కుర్రాడు ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాడనుకుందాం. తన అనుభవం చెప్పాలని ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అన్నాడు. ఎదురుగా ఉన్నాయన వెంటనే ‘వై డిడ్ యు లీవ్?’ అని అడిగాడు. కుర్రాడికి అయోమయం. నేనెప్పుడు మానేశాను? మానేసినట్టు చెప్పింది తనే! ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అనుంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ‘హ్యావ్’ ఉంటే ఇంకా అక్కడే ఉన్నాడని, లేకపోతే ఆ ఉద్యోగం ముగిసిపోయిందని అర్థం.

గ్రామర్ పుస్తకాల్లో దీన్ని ప్రెజెంట్ పర్ఫెక్ట్, సింపుల్ పాస్ట్ అంటారు. మనలో చాలామంది బడిలో చదివాం, పరీక్షలో ఖాళీలు నింపాం, మార్కులు తెచ్చుకున్నాం. నోరు తెరిచి మాట్లాడాల్సి వస్తే మాత్రం తడబడతాం. కారణం మన తెలివి తక్కువై కాదు. మనం రోజూ రాసే తెలుగులో ఈ రెండింటికీ ఒకటే మాట. ‘తిన్నాను’ అంటే ‘ఐ ఏట్’ కావచ్చు, ‘ఐ హ్యావ్ ఈటెన్’ కావచ్చు. ‘పంపించాను’ అన్నా అంతే.

కానీ ఒక మంచి వార్త. మీది చిల్లకూరు, కోట, వాకాడు, గూడూరు వైపు అయితే ఈ తేడా మీ నాలుక మీదే ఉంది!

మన యాసలోనే ‘హ్యావ్’ ఉంది

నెల్లూరు తీరంలో ఏ ఊరి వీధిలోనైనా ఇలాంటి మాటలు వినబడతాయి.

‘ఏమత్తా, చిన్నబ్బాయి కనపడతా ఉండాడు?’

‘అవున్రా, మెడ్రాస్ నించి వచ్చుండాడు.’

‘ఎప్పుడొచ్చాడు?’

‘నిన్న రేత్రి వచ్చాడు.’

ఇంకోసారి చదవండి. మొదట ‘వచ్చుండాడు’ అంది. ఎప్పుడని అడగ్గానే ‘వచ్చాడు’కి మారిపోయింది. ఆమెకు ఇది ఎవరూ నేర్పలేదు. వచ్చుండాడు అంటే వచ్చి ఉన్నాడు. వచ్చాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు, కావాలంటే లోపలికెళ్లి పలకరించొచ్చు. ఇంగ్లిష్‌లో ‘హి హ్యాజ్ కమ్’ అన్నా అదే. ‘నిన్న రేత్రి వచ్చాడు’ అంటే రావడం అనే పని ఎప్పుడు జరిగిందో చెప్పడం. అది ‘హి కేమ్ లాస్ట్ నైట్’.

పక్కనే ఉన్న తమిళంలోనూ ఈ తేడా రోజూ వినిపిస్తుంది. ‘వందాన్’ అంటే వచ్చాడు, ‘వందిరుక్కాన్’ అంటే వచ్చి ఉన్నాడు. పత్రికల తెలుగులో మాత్రం ‘వచ్చి ఉన్నాడు’ అంటే సభలో ప్రసంగంలా ఉంటుంది. అందుకే అది పెద్దగా కనిపించదు. మనం యాస అని మొహమాటపడే మాటే ఇంగ్లిష్ తరగతిలో పనికొస్తుందన్నమాట.

ఒక్క జాగ్రత్త. ‘వచ్చుండాడు’ వేరు, ‘వచ్చుంటాడు’ వేరు. రెండోది ఊహ. ఇంగ్లిష్‌లో అది ‘హి మస్ట్ హ్యావ్ కమ్’ అవుతుంది.

‘ఇప్పుడే అయిన పని’ అనే అపోహ

ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ‘ఇప్పుడే పూర్తయిన పని’ అని చాలామందికి బడిలో చెబుతారు. అక్కడే దారి తప్పుతుంది.

గూడూరు స్టేషన్‌లో రైలు రెండు నిమిషాల కిందటే కదిలింది. ఇంతకంటే ‘ఇప్పుడే’ ఏముంటుంది? అయినా ఇంగ్లిష్‌లో ‘ది ట్రైన్ లెఫ్ట్ టూ మినిట్స్ ఎగో’ అనాలి. ‘హ్యాజ్ లెఫ్ట్ టూ మినిట్స్ ఎగో’ అంటే తప్పు.

మీరు తిరుమల ఇరవై ఏళ్ల కిందట అమ్మ చంకలో ఉండి వెళ్లారు. అంత పాత సంగతి అయినా ‘ఐ హ్యావ్ బీన్ టు తిరుమల’ అనొచ్చు. ఇంకా దూరం పోదాం. డైనోసార్లు అంతరించి దాదాపు 6.6 కోట్ల ఏళ్లయింది. వాటి గురించి కూడా ‘డైనోసార్స్ హ్యావ్ బీన్ ఎక్స్‌టింక్ట్ ఫర్ మిలియన్స్ ఆఫ్ ఇయర్స్’ అంటారు.

కాబట్టి ఎంత కాలం కిందట జరిగిందన్నది లెక్కలోకి రాదు. జరిగినదాన్ని ఇప్పటితో కలిపి చెబుతున్నామా, లేక అప్పటి కాలంలో పెట్టి చెబుతున్నామా అన్నదే లెక్క.

రొయ్యల చెరువు సంగతి తీసుకోండి. కొనేవాళ్లకు ఫోన్ చేసి ‘వీ హ్యావ్ హార్వెస్టెడ్ ది పాండ్’ అంటే పట్టుబడి అయిపోయింది, సరుకు సిద్ధం, బండి పంపండి అని. ‘వీ హార్వెస్టెడ్ ది పాండ్ ఇన్ మార్చ్’ అంటే మార్చిలో ఏం జరిగిందో చెప్పడమే. పని ఒకటే, కబురు వేరు.

ఫోన్ పోయినప్పుడూ అంతే. ఇంకా దొరకలేదా? ‘ఐ హ్యావ్ లాస్ట్ మై ఫోన్.’ దొరికిందా? ‘ఐ లాస్ట్ మై ఫోన్, బట్ ఐ ఫౌండ్ ఇట్.’

యాస మోసం చేసే చోటు

మన యాస దారి చూపిస్తుంది కానీ చివరిదాకా తోడు రాదు. ‘నిన్ననే వచ్చుండాడు’ అన్నా మన ఊళ్లో ఎవరూ తప్పు పట్టరు. తమిళంలోనూ ‘నిన్న’తో ఆ రూపం చెల్లిపోతుంది. ఇంగ్లిష్ మాత్రం ఇక్కడ కచ్చితంగా ఉంటుంది. ముగిసిపోయిన సమయం పేరు ఎత్తారంటే ‘హ్యావ్’ పక్కకు తప్పుకోవాల్సిందే.

అందుకే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’, ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2022’ లాంటి వాక్యాలు మన రెజ్యూమెల్లో, మెయిళ్లలో కనిపిస్తూ ఉంటాయి. మనకు అందులో తేడా వినిపించదు. అవతలివాళ్లకు వెంటనే వినిపిస్తుంది. సరైనది: ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’, ‘ఐ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2022’.

ఈ మాటలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే:

• యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2022, ‘వెన్’ అనే ప్రశ్న.. ఇవి ఉంటే సింపుల్ పాస్ట్.

• సిన్స్, సో ఫార్, యెట్, ఎవర్, నెవర్, ఆల్రెడీ.. ఇవి ఉంటే ఎక్కువగా ‘హ్యావ్’ లేదా ‘హ్యాజ్’.

• ‘ఫర్’ రెండు వైపులా ఉంటుంది. పని ఇంకా సాగుతుంటే ‘హ్యావ్’, ముగిసిపోతే పాస్ట్. మొదట్లో కుర్రాడు ఇరుక్కున్నది ఇక్కడే.

• ‘దిస్ మార్నింగ్’ అయితే గడియారం చూసుకోవాలి. పొద్దున పదింటికి ‘ఐ హ్యావ్ కాల్డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్’ అనొచ్చు. సాయంత్రం ఆరింటికైతే పొద్దుట అయిపోయింది కాబట్టి ‘ఐ కాల్డ్ హిమ్’.

శ్రీహరికోట చెప్పిన పాఠం

చిల్లకూరు నుంచి తీరం వెంబడి దక్షిణంగా పోతే శ్రీహరికోట ఎంతో దూరం కాదు. అక్కడి నుంచి 2023 జులై 14న మధ్యాహ్నం చంద్రయాన్-3 ఎగిరింది. ఆగస్టు 23 సాయంత్రం 6.04కి చందమామ మీద దిగింది. ఆ క్షణాన ఇస్రో సోషల్ మీడియాలో పెట్టిన సందేశంలో రెండు టెన్సులూ ఉన్నాయి. వ్యోమనౌకే మాట్లాడుతున్నట్టు ‘ఇండియా, ఐ రీచ్డ్ మై డెస్టినేషన్ అండ్ యు టూ!’ అని ఒక వాక్యం. ఆ వెంటే ‘చంద్రయాన్-3 హ్యాజ్ సక్సెస్‌ఫుల్లీ సాఫ్ట్-ల్యాండెడ్ ఆన్ ది మూన్’ అని వార్త.

ఆ వార్తలో ‘హ్యాజ్’ ఎందుకు? ల్యాండర్ దిగింది, ఇప్పుడు అక్కడే ఉంది, దేశమంతా చప్పట్లు కొడుతోంది. అదీ ‘దిగుండాది’ అనే కబురు. 1969లో అపోలో-11 దిగినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ భూమికి పంపిన కబురు కూడా ‘ది ఈగల్ హ్యాజ్ ల్యాండెడ్’ అనే. ఇక మొదటి వాక్యంలో ‘ఐ హ్యావ్ రీచ్డ్’ అన్నా సరిపోయేది. చేరుకున్న ఘట్టాన్ని కథలా చెప్పినప్పుడు ‘రీచ్డ్’ కూడా నప్పుతుంది.

ఇప్పుడు అదే విషయాన్ని పోటీ పరీక్షలో రాయాలంటే? ‘చంద్రయాన్-3 ల్యాండెడ్ ఆన్ ది మూన్ ఆన్ ఆగస్టు 23, 2023’. తేదీ వచ్చింది, ‘హ్యాజ్’ పోయింది. ఆ రోజు వార్త, ఈ రోజు చరిత్ర.

కబురుకు ‘హ్యావ్’.. కథకు పాస్ట్

ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: కబురు చెప్పేటప్పుడు ‘హ్యావ్’, ఆ కబురు వెనక కథ చెప్పేటప్పుడు సింపుల్ పాస్ట్. అత్త చేసింది కూడా అదే. ‘వచ్చుండాడు’ కబురు, ‘నిన్న రేత్రి వచ్చాడు’ కథ.

ఇంటర్వ్యూలూ ఇలాగే నడుస్తాయి. ‘హ్యావ్ యు ఎవర్ హ్యాండిల్డ్ ఎ సీఎన్‌సీ మెషీన్?’ అని అడిగితే ‘యెస్, ఐ హ్యావ్’ అనండి. తర్వాత వివరంలోకి దిగండి: ‘ఐ హ్యాండిల్డ్ వన్ డ్యూరింగ్ మై అప్రెంటిస్‌షిప్ ఇన్ 2023’. చాలామంది మొదటి వాక్యం ‘హ్యావ్’తో మొదలుపెట్టి చివరిదాకా ‘హ్యావ్, హ్యావ్’ అంటూనే పోతారు. ఎప్పుడు, ఎక్కడ అనే వివరంలోకి వెళ్లగానే గేరు మార్చాలి.

మనుషుల గురించి చెప్పేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. ‘మా మేనేజర్ హ్యాజ్ గాన్ టు చెన్నై’ అంటే ఆయన ఇప్పుడు ఇక్కడ లేడు. ‘హ్యాజ్ బీన్ టు చెన్నై’ అంటే వెళ్లొచ్చాడు. ఫోన్‌లో ఇది తారుమారైతే సీట్లో ఉన్న మనిషి కోసం రేపు చేస్తామంటారు.

ఇక కన్నుమూసినవాళ్ల గురించి అయితే సింపుల్ పాస్టే. నెల్లూరుతో అనుబంధం ఉన్న బాలూగారు 2020 సెప్టెంబరులో వెళ్లిపోయారు. ఆయన గురించి ‘హి శాంగ్ ఇన్ మెనీ లాంగ్వేజెస్’ అంటాం. ఇప్పటికీ పాడుతున్న గాయని అయితే ‘షి హ్యాజ్ సంగ్’. కానీ బాలూగారి పాటల మాటకొస్తే ‘హిజ్ సాంగ్స్ హ్యావ్ స్టేడ్ విత్ అజ్’ అనొచ్చు. మనిషి లేడు గానీ పాట మనతోనే ఉంది కదా.

సినిమాల్లో వేరేగా వినిపిస్తుందే?

హాలీవుడ్ సినిమాల్లో ‘డిడ్ యు ఈట్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని వింటుంటాం. అది తప్పు కాదు. ఆల్రెడీ, యెట్, జస్ట్ లాంటి మాటలతో అమెరికా వాళ్లు సింపుల్ పాస్ట్ కూడా వాడేస్తారు. బ్రిటిష్ పద్ధతిలో ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ అంటారు. ఏదైనా ఫర్వాలేదు. అయితే ‘యెస్టర్‌డే’తో ‘హ్యావ్’ కలపడం మాత్రం రెండు చోట్లా తప్పే. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో గ్రాఫ్ వచ్చి, అందులోవి ముగిసిన ఏళ్ల అంకెలైతే సింపుల్ పాస్టే రాయాలి.

మీరే సరిచూసుకోండి

తెలుగు చదివి ఇంగ్లిష్ మనసులో అనుకోండి. తర్వాతే జవాబు చూడండి.

1. శ్రీహరికోట ఎప్పుడైనా చూశావా? — హ్యావ్ యు ఎవర్ బీన్ టు శ్రీహరికోట?

2. మెయిల్ పంపించాను సార్, చూడండి. — ఐ హ్యావ్ సెంట్ ది మెయిల్, సర్.

3. మెయిల్ సోమవారం పంపించాను సార్. — ఐ సెంట్ ది మెయిల్ ఆన్ మండే, సర్.

4. 2023 నుంచి ఇక్కడే చేస్తున్నాను. — ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ సిన్స్ 2023.

నాలుగోదాన్ని ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023’ అన్నారా? మన దగ్గర ఎక్కువగా వినపడేది అదే. ‘సిన్స్’ వచ్చాక ‘ఐ హ్యావ్ వర్క్‌డ్’ లేదా ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాలి.

తడ దగ్గర శ్రీసిటీలో ఇప్పటికే ఎన్నో ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. చిల్లకూరు, కోట మండలాల భూముల్లో రానున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. ఆ గేట్ల దగ్గర ఇంటర్వ్యూకి నిలబడేది ఈ ఊళ్ల పిల్లలే. అక్కడ ‘హ్యావ్’ పెట్టాలా వద్దా అని సందేహం వస్తే గ్రామర్ పుస్తకం వెతుక్కోనక్కర్లేదు. ఆ మాట ఇంట్లో అయితే ఎలా అంటారో ఒక్క క్షణం అనుకోండి. ‘చేసుండాను’ అని వచ్చిందా, ‘ఫలానప్పుడు చేశాను’ అని వచ్చిందా? మొదటిదైతే ‘హ్యావ్’. ‘ఎప్పుడు’ చెబుతున్నారంటే మాత్రం ‘హ్యావ్’ వద్దు.