నేపాళం, జట్రోఫా, క్రోటన్: అలంకార మొక్కల పేర్లు, పెంపకం

ఉష్ణమండల అలంకార మొక్కల పెంపకంలో తొలి చిక్కు పేరుతోనే మొదలవుతుంది. తెలుగులో ‘నేపాళం’ అనే మాట రెండు వేర్వేరు మొక్కలకు వాడుకలో ఉంది. అడవి ఆముదమని కూడా పిలిచే జట్రోఫా కర్కాస్ ఒకటి. ఆయుర్వేదం జయపాలమని వ్యవహరించే క్రోటన్ టిగ్లియం రెండవది. రెండింటి గింజలూ తీవ్ర విరేచనకారులు కావడమే ఈ పేర్ల కలయికకు కారణమై ఉండవచ్చు. నర్సరీలలో ‘క్రోటన్’ అని అమ్మే రంగురంగుల ఆకుల మొక్క మాత్రం శాస్త్రరీత్యా క్రోటన్ ప్రజాతికి చెందదు. దాని పేరు కోడియేయం వేరిగేటం. ఈ మూడూ ఆముదం కుటుంబంలోనివే.

1753లో లినేయస్ జట్రోఫా అనే పేరును శాస్త్ర వ్యవహారంలో స్థిరపరిచాడు. వైద్యుడు, ఆహారం అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక అది. అంత చక్కని పేరున్న ఈ ప్రజాతిలో చాలా మొక్కల గింజలు విషపూరితాలు కావడం విచిత్రమే. జాతి నామాలు ఇంతకన్నా నమ్మదగినవి. అడుగున సీసాలా ఉబ్బిన కాండం గల మొక్కకు పొడాగ్రికా అని పేరు. కాలి వాతపు వాపును సూచించే గ్రీకు పదం దానికి మూలం. ఆకు అనేక చీలికలుగా ఉండేది మల్టిఫిడా. ఏడాదిలో ఎక్కువ కాలం ఎర్రని పూలగుత్తులతో కనిపించే ఇంటెగెర్రిమా క్యూబా, హిస్పానియోలా దీవుల నుంచి వచ్చింది. తోటలకు ఎక్కువగా ఎంచుకునేది దీనినే.

ఈ మొక్కలకు నిండు ఎండ, నీరు నిలవని నేల ముఖ్యం. ఇంటెగెర్రిమాను ముదురు కొమ్మల కత్తిరింపులతో సులభంగా పెంచవచ్చు. కోసిన వెంటనే కొమ్మను నాటకూడదు. కోతనుంచి కారే రసం ఆరి, గాయం గట్టిపడేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచాలి. లేకుంటే మొదలు కుళ్లుతుంది. పూలు కొత్త చిగుళ్ల కొసన వస్తాయి కనుక అప్పుడప్పుడు తలలు తుంచితే కొమ్మలూ గుత్తులూ పెరుగుతాయి. పొడాగ్రికాను సాధారణంగా గింజల నుంచి పెంచుతారు. ఆకులు రాల్చి విశ్రాంతిలో ఉన్న కాలంలో దానికి నీరు బాగా తగ్గించాలి. ఆకులు రాలాయని కంగారుపడి నీళ్లు పోసేవారి వల్లనే ఈ మొక్క ఎక్కువగా చనిపోతుంది.

కంచెగా వేసే అడవి ఆముదం విషయంలో మరొక భేదం ఉంది. గింజ నుంచి మొలిచిన మొక్కకు లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది. కొమ్మ నాటితే పైపై పక్కవేర్లే వస్తాయి. కంచె త్వరగా పెరగాలంటే కొమ్మ చాలు. వర్షాభావాన్ని తట్టుకోవాలంటే గింజ మొక్క మేలు.

నీరు లేకున్నా బతుకుతుందన్న కీర్తి ఈ మొక్కకు కొంత హాని చేసింది. బయోడీజిల్ కోసం బంజరు భూముల్లో జట్రోఫా పెంచాలని 2003లో ప్రణాళికా సంఘం కమిటీ సూచించింది. 2009 నాటి జాతీయ విధానం 2017కల్లా ఇంధనాలలో 20 శాతం జీవ ఇంధనాన్ని కలపాలని లక్ష్యం పెట్టుకుంది. ఆశించిన దిగుబడి రాలేదు. బంజరులో బతకడం వేరు, అక్కడ విస్తారంగా కాయడం వేరు. తోటలోనూ అంతే: ఎరువూ తడీ అందని ఇంటెగెర్రిమా బతుకుతుంది, పూలు మాత్రం పలచబడతాయి.

విషం సంగతి ఇంకా గట్టిగా చెప్పవలసినది. అడవి ఆముదం గింజలో కర్సిన్ అనే ప్రొటీనుతోపాటు ఫోర్బాల్ ఎస్టర్లు ఉంటాయి. రుచి చేదుగా ఉండదు. అందుకే పిల్లలు పప్పులనుకొని తింటారు. కొద్ది గంటల్లో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. విరుగుడు మందు లేదు. శరీరం కోల్పోయిన నీటిని, లవణాలను భర్తీ చేయడమే ప్రధాన చికిత్స. మల్టిఫిడా, పొడాగ్రికా కాయలూ ప్రమాదకరమే. పొడాగ్రికా కాయ ఎండగానే పగిలి గింజలను దూరంగా విసురుతుంది. అందువల్ల పిల్లలు తిరిగే చోట పూలు వాడగానే గుత్తులను కత్తిరించడం మంచిది. ఎవరైనా గింజలు తిన్నట్టు తెలిస్తే, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆకూ కాయా ఉన్న కొమ్మను సంచిలో వేసి వెంట తీసుకువెళ్లాలి. ‘నేపాళం తిన్నాడు’ అని మాత్రమే చెబితే, అది రెండింటిలో ఏ మొక్కో వైద్యునికి తెలియదు.