దోమకాటుకు ఒక అణా!

దోమ వాలితే చటుక్కున కొడతాం. కానీ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌ పక్కనే ఉన్న బేగంపేటలో ఓ మలేరియా రోగి కదలకుండా పడుకుని మరీ దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా కూలీ! అతని పేరు హుస్సేన్‌ ఖాన్‌. అణాలు ఇచ్చింది సైనిక వైద్యుడు రొనాల్డ్‌ రాస్‌.

మలేరియా అంటే 'చెడు గాలి' అని అర్థం. చిత్తడి నేలల మీది గాలి పీల్చడం వల్లే ఈ జ్వరం వస్తుందని శతాబ్దాలపాటు నమ్మారు. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్‌ రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. మరి అది ఒంట్లోకి ఎలా చేరుతోంది? దోమల మీద దృష్టి పెట్టమని రాస్‌ను ప్రోత్సహించింది లండన్‌లోని డాక్టర్‌ ప్యాట్రిక్‌ మాన్సన్‌. 1894లో కలిసిన ఇద్దరూ ఆ తర్వాత ఉత్తరాల ద్వారానే పరిశోధన సాగించారు.

రాస్‌ రెండేళ్లపాటు ఎన్నో దోమల్ని కోసి చూశాడు. ఫలితం సున్నా. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. పంకా ఊపించుకుందామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చివరికి మచ్చల రెక్కల దోమలు దొరికాయి. ఆగస్టు 16న అవి హుస్సేన్‌ ఖాన్‌ రక్తం తాగాయి. 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమికి ఉండే నల్లటి రేణువులు కనిపించాయి. మర్నాడు కోసిన మరో దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే... క్రిమి దోమలో పెరుగుతోంది!

1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధిస్తూ, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని రాస్‌ తేల్చాడు. మనుషుల విషయంలో దాన్ని నిరూపించింది ఇటలీ శాస్త్రవేత్తలు. రాస్‌కు 1902లో నోబెల్‌ వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది.

మరి హుస్సేన్‌ ఖాన్‌? ఇవాళైతే కథ వేరేగా ఉండేది. అణాలు ఇస్తే సరిపోదు. ప్రయోగం ఎందుకో, ప్రమాదం ఏమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇష్టపూర్వకంగా సంతకం చేయించాలి. నైతిక విలువల కమిటీ ఒప్పుకోవాలి. ఇష్టం లేకపోతే రోగి మధ్యలోనే తప్పుకోవచ్చు.

ఆ పరిశోధన ఇంకా ఆగలేదు. ఘనా, కెన్యా, మలావీల్లో 8 లక్షల మందికి పైగా పిల్లలకు ఇచ్చి చూశాక, 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మలేరియా టీకాను సిఫార్సు చేసింది. అదే ఏడాది దాని తయారీ పరిజ్ఞానాన్ని భారత్‌ బయోటెక్‌కు అందించే ఒప్పందం కుదిరింది. ఆ సంస్థ ఉన్నది ఎక్కడో కాదు... దోమ గుట్టు బయటపడిన ఈ జంటనగరాల్లోనే!