మన ఫ్లష్‌లో రెండు ఫోన్ చార్జింగ్‌లు!

ఫ్లష్ నొక్కాం, వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లింది? మనలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న ఇది. సరే, ఆ దారి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న లెక్క.

ఒక మనిషి రోజంతా డ్రైనేజీలోకి వదిలే మురుగులోంచి మడ్డిని వేరుచేసి, గాలి తగలకుండా కుళ్లబెడితే దాదాపు 25 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఉన్న లెక్కే. ఆ గ్యాస్‌తో జనరేటర్ నడిపితే యూనిట్‌లో ఇరవయ్యో వంతు కరెంటు వస్తుంది. మన చేతిలో ఉన్న ఫోన్‌ని రెండుసార్లు ఫుల్ చార్జ్ చేసుకోవచ్చు.

ఒక్కరి లెక్క వింటే నవ్వొస్తుంది. అదే కోటి మందికైతే? రోజుకు 5 లక్షల యూనిట్లు. 20 మెగావాట్ల ప్లాంట్ రాత్రీపగలూ ఆగకుండా నడిచినట్టు. సోలార్‌కి మబ్బు పడితే ఇబ్బంది, గాలిమరకి గాలి ఆగితే ఇబ్బంది. ఈ ఇంధనానికి మాత్రం సెలవులుండవు. పండగ మర్నాడైతే ఇంకాస్త ఎక్కువే వస్తుందేమో!

హైదరాబాద్ పెద్ద నగరమే కదా, మరి మన 20 మెగావాట్లు ఏవి? ఆ సంగతి తెలియాలంటే మురుగు శుద్ధి ప్లాంట్ లోపలికి వెళ్లాలి. ముక్కు మూసుకోనక్కర్లేదు, చదవడమే కదా.

మడ్డి కడుపులో ఏం జరుగుతుంది?

ప్లాంట్‌కి వచ్చిన మురుగు మొదట జల్లెడ లాంటి ఊచల గుండా వెళ్తుంది. ప్లాస్టిక్ కవర్లు, షాంపూ సాచెట్లు, గుడ్డపేలికలు అక్కడే ఆగిపోతాయి. తర్వాత ఇసుక దిగుతుంది. ఆ తర్వాత పాత పద్ధతి ప్లాంట్లలో ఒక పెద్ద గుండ్రటి తొట్టి ఉంటుంది. అందులో నీటిని కదపకుండా ఉంచితే బరువైన మలినం అడుగుకు చేరుతుంది. దాన్ని ప్రైమరీ స్లడ్జ్ అంటారు. గ్యాస్ దండిగా ఇచ్చేది ఇదే.

పైన తేరిన నీళ్లు ఇంకా మురికిగానే ఉంటాయి. వాటిలోకి పెద్ద బ్లోయర్లతో గాలి ఊదుతారు. గాలి అందగానే బ్యాక్టీరియా విజృంభించి నీళ్లలో కరిగిన మలినాన్ని తినేస్తుంది. బాగా తిని బలిసిన ఆ బ్యాక్టీరియా మళ్లీ అడుగుకు దిగి రెండో రకం మడ్డి అవుతుంది. సాధారణంగా ప్లాంట్ కరెంటు బిల్లులో సగం పైనే ఈ గాలి ఊదడానికే పోతుంది.

రెండు రకాల మడ్డినీ కలిపి, నీళ్లు తగ్గించి, మూత బిగించిన పెద్ద ట్యాంకులోకి పంపిస్తారు. దాన్నే డైజెస్టర్ అంటారు. లోపల మన ఒంటి వేడి అంత వేడి, 35 నుంచి 37 డిగ్రీలు ఉండాలి. గాలి అస్సలు ఉండకూడదు. అక్కడ వేరే రకం సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో ఆ మడ్డిని గ్యాస్‌గా మారుస్తాయి. అందులో అరవై శాతం పైన మీథేన్ ఉంటుంది, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. అమ్మమ్మగారి ఊళ్లో గోబర్ గ్యాస్ ప్లాంట్ చూసుంటే మీకు ఇది కొత్త కాదు. పేడ బదులు నగరం, అంతే తేడా.

ఈ గ్యాస్‌లో ఇంకొకటి కొద్దిగా ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే అసలు వాసనే తెలియదు, ముక్కు పనిచేయడం మానేస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి క్షణాల్లో కుప్పకూలేది, అతన్ని కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా పైకి రానిది చాలాసార్లు దీనివల్లే. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా ఆ వార్తలు వస్తూనే ఉన్నాయి. డైజెస్టర్‌లో బంధించి, సల్ఫైడ్ వడగట్టి వాడుకుంటే కరెంటు ఇచ్చే గ్యాసే, కాల్వలో ఊరికే వదిలేస్తే ప్రాణం తీస్తుంది. ఆకాశంలోకి పోయినా మంచిది కాదు. వందేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు బలమైనది.

నంబర్ టూ బస్సు

ఇదేదో నిన్న కనిపెట్టిన టెక్నాలజీ కాదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1890ల్లోనే సెప్టిక్ ట్యాంక్ గ్యాస్‌తో దీపాలు వెలిగించారు. మన దేశంలో ముంబైలోని మాతుంగా కుష్ఠు ఆశ్రమంలో కూడా దాదాపు అదే కాలంలో ఈ ప్రయత్నం జరిగింది. సూరత్ 2003లో అంజనా ప్లాంట్‌లో అర మెగావాట్ ఇంజిన్ పెట్టి మురుగు గ్యాస్‌తో కరెంటు తీసింది. చెన్నై కూడా కొడుంగైయూర్, కోయంబేడు, పెరుంగుడి ప్లాంట్లలో గ్యాస్ ఇంజిన్లు పెట్టింది.

సరదా కబురు కావాలంటే బ్రిస్టల్ వెళ్లాలి. ఆ ఇంగ్లండ్ నగరంలో 2014లో మురుగు, తిండి వ్యర్థాల నుంచి తీసిన గ్యాస్‌తో నలభై సీట్ల బస్సు నడిపారు. మరుసటి ఏడాది దానికి రెగ్యులర్ రూట్ ఇచ్చారు. ఏ నంబర్ రూటో తెలుసా? 2. ఎల్‌కేజీ పిల్లాడు చిటికెన వేలు కాకుండా రెండు వేళ్లు చూపిస్తే టీచర్‌కి ఏం అర్థమవుతుందో, అక్కడివాళ్లకీ అదే అర్థమవుతుంది!

హైదరాబాద్ ఏది ఎంచుకుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాద్ పాత డ్రైనేజీ ప్లాన్ 1930ల నాటిది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య చలవ. దాన్ని గీసింది అప్పటి నగరానికి. ఇప్పుడు నగరం నుంచి రోజూ వచ్చే మురుగు 1,950 ఎంఎల్‌డీ అని జలమండలి కొన్నేళ్ల కిందట లెక్క వేసింది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. అప్పటికి ప్లాంట్లలో శుద్ధి చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. మిగతాది నాలాల్లోంచి నేరుగా మూసీకే.

ఆ పాత ప్లాంట్లలో పెద్దది అంబర్‌పేటలో ఉంది, 339 ఎంఎల్‌డీ. నాగోల్‌ది 172. ఈ రెండూ యూఏఎస్‌బీ పద్ధతివి. ఇందులో మురుగునే కింద నుంచి పైకి, గాలిలేని ట్యాంకులోని మడ్డి దుప్పటి గుండా పంపిస్తారు. నెదర్లాండ్స్‌లో పుట్టినా మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది. బ్లోయర్ల ఖర్చు ఉండదు, గ్యాస్ వస్తుంది. చిక్కల్లా, బయటికొచ్చే నీళ్లు అంత శుభ్రంగా ఉండవు, వాటిని మళ్లీ చెరువుల్లో తేర్చాలి. పైగా వచ్చిన మీథేన్‌లో కొంత నీళ్లలోనే కరిగి పారిపోతుంది.

అందుకే కొత్త ప్లాంట్లకి దారి మార్చారు. 3,866 కోట్లతో 31 కొత్త ఎస్‌టీపీలు, మొత్తం 1,259.5 ఎంఎల్‌డీ. వీటికి ఎంచుకున్నది ఎస్‌బీఆర్ పద్ధతి. ఒకే ట్యాంకులో నింపడం, గాలి ఊదడం, తేర్చడం, నీళ్లు తీసేయడం విడతలవారీగా సాగుతాయి. తక్కువ జాగా చాలు. కోకాపేటలో, దుర్గం చెరువు దగ్గర గజం రేటు ఎంతో తెలిసిన వాళ్లెవరికైనా ఈ కారణం వెంటనే అర్థమవుతుంది. నీళ్లు కూడా బాగా శుభ్రంగా వస్తాయి. మూసీ కింద ఆయకట్టు రైతులకి, పీర్జాదిగూడ వైపు ఆ నీళ్లతోనే గేదెలకి పారా గడ్డి పెంచేవాళ్లకి అది చిన్న సంగతి కాదు.

మరి గ్యాస్? ఇక్కడే కథ తిరిగింది. ఎస్‌బీఆర్‌లో సాధారణంగా ఆ మొదటి గుండ్రటి తొట్టి ఉండదు. అంటే గ్యాస్ ఎక్కువిచ్చే ప్రైమరీ స్లడ్జ్ అసలు విడిగా రాదు. మలినమంతా నేరుగా గాలి ట్యాంకులోకే వెళ్తుంది. డైజెస్టర్‌లో మీథేన్ కావాల్సిన సరుకుని, కరెంటు ఖర్చుపెట్టి మరీ గాలితో తినిపించేస్తున్నాం. చివర్లో మిగిలే మడ్డి అప్పటికే సగం అరిగిపోయి ఉంటుంది. డైజెస్టర్‌లో వేసినా వచ్చే గ్యాస్ తక్కువ.

తప్పు చేశారని అనడం లేదు. ముందు నది బతకాలి, నీళ్లు శుభ్రమవ్వాలి, ఆ వరస సరైనదే. కానీ కరెంటు ఇచ్చే ప్లాంటా, కరెంటు తినే ప్లాంటా అన్నది డ్రాయింగ్ గీసిన రోజే తేలిపోతుంది, తర్వాత ఇంజిన్ కొనుక్కొస్తే కుదరదు. రిబ్బన్ కట్ చేసేటప్పుడు ఎంఎల్‌డీలు చెప్తారు, ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ప్రెషర్ కుక్కర్ చిట్కా

అలా మొండికేసిన మడ్డికి వాషింగ్టన్‌లో ఒక మందు కనిపెట్టి పెట్టుకున్నారు. అక్కడి బ్లూ ప్లెయిన్స్ ప్లాంట్‌లో 2015 నుంచి మడ్డిని డైజెస్టర్‌కి పంపే ముందు ఉడికిస్తున్నారు! నార్వే కంపెనీ క్యాంబి తయారుచేసిన పెద్ద పెద్ద ప్రెషర్ కుక్కర్లవి. 150 డిగ్రీలు దాటిన ఆవిరిలో అరగంట ఉంచి, ఒక్కసారిగా ప్రెషర్ వదిలేస్తారు. బ్యాక్టీరియా గోడలు పగిలిపోయి లోపలి సరుకు బయటపడుతుంది. ఉడికిన పప్పు తొందరగా అరిగినట్టే, ఆ మడ్డి కూడా డైజెస్టర్‌లో తొందరగా అరుగుతుంది. దాంతో 10 మెగావాట్ల వరకు కరెంటు తీస్తున్నారు, ప్లాంట్ అవసరంలో దాదాపు మూడో వంతు. క్రిములు చచ్చిపోయిన ఆ మిగులు మడ్డిని ‘బ్లూమ్’ అని పేరు పెట్టి తోటలకు అమ్ముతున్నారు.

ఇంకో దారి ఆస్ట్రియాలో స్ట్రాస్ అనే చిన్న ఊరిది. ఆ ప్లాంట్ 2005 నుంచే తను వాడేదానికన్నా ఎక్కువ కరెంటు తయారుచేస్తోంది. కాలిఫోర్నియాలో ఓక్‌లాండ్ ప్లాంట్ 2012లో ఆ గీత దాటింది. వాళ్ల రహస్యం మనకి బాగా పనికొచ్చేది. మడ్డితోపాటు తిండి వ్యర్థాలు, నూనె జిడ్డు కూడా డైజెస్టర్‌లో వేస్తారు. బిర్యానీ హోటళ్ల నగరంలో ఆ సరుకుకి కొరతా?

ఇంజిన్లకి ఒక వింత శత్రువు ఉంది. మన షాంపూలు, కండిషనర్లు. జుట్టు పట్టులా ఉండడానికి వాటిలో వాడే సిలికాన్ రకం పదార్థాలు మురుగులోకి, అక్కడి నుంచి గ్యాస్‌లోకి చేరతాయి. ఇంజిన్‌లో మండినప్పుడు గాజు పొడిలా పేరుకుని పిస్టన్లని అరగదీస్తాయి. అందుకే గ్యాస్‌ని వడగట్టకుండా ఇంజిన్‌లోకి వదిలితే అది ఎక్కువకాలం మన్నదు.

ఇంత చేశాక కూడా కొంత మడ్డి మిగులుతుంది. ఎరువుగా పొలాలకి ఇవ్వొచ్చు కదా అంటే, ఇవ్వొచ్చు, అందులో ఫ్యాక్టరీల రసాయనాలు కలవకపోతే. పారిశ్రామికవాడల పక్క నుంచి వచ్చే నాలాల మురుగులో సీసం, క్రోమియం లాంటివి ఉంటే అవి డైజెస్టర్‌లో అరగవు, మడ్డిలోనే ఉండిపోతాయి. అలాంటి మడ్డిని యూరప్‌లో చాలాచోట్ల ఎండబెట్టి సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుతోపాటు మండిస్తారు. తాండూరు, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలున్న మనకీ ఆ దారి దగ్గరే. కానీ ముద్దలా ఉన్న మడ్డిని ముందు ఎండబెట్టాలి, దానికి బోలెడు వేడి కావాలి. ఆ వేడిలో కొంత ప్లాంట్‌లోని గ్యాస్ ఇంజిన్ నుంచే ఉచితంగా వస్తుంది. ప్లాంట్‌లో గ్యాస్ అంటూ ఉంటే.