వినోదార్థమైన చెరువుకట్ట: దాని సంరక్షణము

వ్యవసాయమునకై కట్టిన చెరువునకును, వినోదమునకై కట్టుకొన్న చెరువునకును కట్ట యొక్కటియే. నీటి నడవడి మాత్రము వేఱు. సాగుచెరువు వానలకు నిండి, పైరునకు నీరిచ్చి, వేసవి నాటికి అడుగంటును. కట్ట లోపలి వాలున జారిన రాళ్లను తిరిగి పేర్చుటకును, తూమును బాగుచేయుటకును రైతులకు అదియే అదను. వినోదపు చెరువట్టిది కాదు. పడవలు తేలవలెను, చేపలు పెరుగవలెను, చూపరులకు నీరు నిండుగా కన్పట్టవలెను. అందుచే ఏడాది పొడవునను అది నిండియే యుండును. లోపలి వాలు బయటపడి పరీక్షకు వచ్చు దినము రాదు. తోటలోని వాగునకు అడ్డముగా కట్ట వేసికొన దలచువారు మొట్టమొదట గుర్తింపవలసిన భేదమిది.

మట్టికట్టకు ప్రాణాధారములు రెండు: మిగులునీరు పోవు దారి, అడుగునీరు తీయు దారి. మొదటిదానిని తెలంగాణమున అలుగనియు, రాయలసీమలో మరువ యనియు, నెల్లూరు సీమలో కలుజు అనియు అందురు. తమిళనాట స్థిరపడిన మనవారు దానినే కలింగు అనియు, కన్నడ దేశమున నున్నవారు కోడి యనియు వినియుందురు. రెండవది తూము, తమిళమున తూంబు, కన్నడమున తూబు. మూడు భాషలవారును ఒకే మాటతో పిలుచుకొను ఈ సాధనము ఎంత పాతదో ఊహింపవచ్చును. నీరు కట్టపై పొర్లినచో మట్టి కోసికొనిపోయి గండిపడును. అట్లు పొర్లనీయకుండుట అలుగు పని. కట్టలో లోపము కన్పడినప్పుడు నీటిమట్టమును దించి బాగుచేసికొనుటకు తూము కావలెను. తూము లేని కట్టకు జబ్బు తెలిసినను చికిత్స చేయ వీలుపడదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి సౌత్‌ఫోర్కు కట్ట చరిత్ర దీనికి నిదర్శనము. పడవల కాలువకు నీరందించుటకై ఆ రాష్ట్ర ప్రభుత్వము 1838లో దానిని మొదలిడి 1853లో ముగించెను. ఎత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. అడుగున ఇనుప గొట్టముల తూము చక్కగా అమర్పబడియుండెను. రైలుమార్గములు వచ్చి కాలువ పనికిరానిదగుటతో కట్ట చేతులు మారెను. 1862లో కొంత తెగెను. 1875లో కొన్న యజమాని ఆ గొట్టములను పెఱికించి పాత ఇనుముక్రింద అమ్ముకొనెను. 1879లో అది ధనికుల విహార సంఘమునకు చిక్కెను. ఉక్కు వ్యాపారములో ప్రసిద్ధుడైన ఆండ్రూ కార్నెగీ తరువాత దాని సభ్యులలో నొకడు.

ఆ సంఘము గండిని పూడ్చినది గాని గొట్టములను మరల వేయలేదు. రెండు బండ్లు ఒకదానినొకటి తప్పుకొని పోవునట్లు కట్టపై బాట వెడల్పు చేయుటకై దాని తలను కొన్ని అడుగులు తగ్గించిరి. తెచ్చి వదలిన చేపలు కొట్టుకొనిపోకుండ అలుగునకు అడ్డముగా ఇనుప జల్లెడలు నిలిపిరి. పూడ్చినచోట నడుమ కట్ట క్రుంగెను. విడివిడిగా చూచిన నివి స్వల్ప సౌకర్యములే. కట్టకు మాత్రము ఒక్కొక్కటి ఒక్కొక్క అంగచ్ఛేదము. దిగువనున్న జాన్‌స్టౌను పట్టణపు ఇనుప కర్మాగారమువారు 1880లో ఇంజనీరును పంపి చూపించిరి. తూము లేమియు, సరిగా జరుగని మరమ్మతును ఆయన ఎత్తిచూపెను. ఖర్చులో పాలు పంచుకొందుమనియు కర్మాగారమువారు తెలిపిరి. సంఘము అంగీకరింపలేదు.

1889 మే 30, 31 తేదీలలో కుంభవృష్టి కురిసెను. ఉదయము నుండి కూలీలు కట్టపై మట్టి పోసిరి, చెత్తతో మూసికొనిపోయిన జల్లెడలను విడిపింప జూచిరి, మఱియొక ప్రక్క క్రొత్త దారి త్రవ్వ బూనిరి. తూము ఉన్నచో ఎన్నడో చేసికొనదగిన పనిని ఆ కొన్ని గడియలలో చేయలేకపోయిరి. మధ్యాహ్నము సుమారు మూడు గంటలకు కట్ట తెగెను; పదునాలుగు మైళ్ల దిగువనున్న పట్టణమును సుమారు గంటలో నీరు ముంచెను. మృతులు 2,209 మంది. సంఘముపై దావాలు వేసినవారికి పరిహారము దక్కలేదు. మార్పులు చేయకున్నను కట్ట తెగియుండెడిదే యని 1891 నాటి ఇంజనీర్ల నివేదిక పలికెను. 2016లో వెలువడిన పరిశోధన దానిని త్రోసిపుచ్చి, తల తగ్గించుటయే ప్రమాదమునకు ముఖ్యహేతువని లెక్కలతో చూపెను. ఈ రెండవ మాటయే సమంజసముగా తోచుచున్నది.

అది పెద్దకట్ట, మనది చిన్నది యని ఊరడిల్లరాదు. జార్జియా రాష్ట్రములో సుమారు 38 అడుగుల ఎత్తు గల కెల్లీబార్న్సు కట్ట, విద్యుత్తు తీయుట మానిన పిదప విహార సరస్సుగా నిలిచి, 1977 నవంబరు 6 తెల్లవారుజామున తెగి 39 మందిని బలిగొన్నది.

చెట్ల వేళ్లు కట్టలో నీటికి దారిచూపును; చచ్చిన వేరు క్రుళ్లి గొట్టమగును. కావున కట్టపై గడ్డి మేలు, చెట్లు కీడు. ఎలుకల, పీతల బొరియలను గుర్తించి, త్రవ్వి, మట్టి దిమ్మిస చేయవలెను. వెలుపలి వాలు మొదట తడి యూరినచో నీటి రంగు చూడవలెను. తేటనీరైనచో గమనించుచుండవచ్చును, మట్టినీరైనచో లోపలి మట్టి తరలుచున్నదని యర్థము, వెంటనే మట్టము దించి ఇంజనీరును పిలువవలెను. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనము తటాక దోషములాఱింటిని చెప్పుచు, కట్ట నుండి నీరు కారుటను వానిలో చేర్చినది.

మన దేశమున 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టము పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మొదలు పదునైదు మీటర్ల లోపువానిలో కొన్నిటికిని వర్తించును. తోటలలోని చిన్నకట్టలు దాదాపుగా దాని పరిధిలో చేరవు; వాని భారము యజమానిదే. అతడు తొలకరికి ముందు అలుగు అడ్డములను తీసివేయవలెను, తూము మరను త్రిప్పి చూడవలెను, దిగువ వాగు వెంబడి నున్న ఇండ్లవారికి కట్ట సంగతి తెలిపి, రాత్రివేళ ఎవరు ఎవరిని లేపవలెనో ముందే నిర్ణయించుకొనవలెను.