ఉక్కు కార్మికుని చేతికి ఏ పట్టీ?

భిలాయ్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడు పగలు పది గంటలకు పడుకుని సాయంత్రం లేస్తే, చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండు చాలా సందర్భాలలో దానిని నిద్రగా గాక కునుకుగానే జమకడుతుంది. షిఫ్టులో అతడు వేసిన అడుగులను అర్ధరాత్రి వద్ద రెండుగా చీల్చి, రెండు వేర్వేరు రోజుల ఖాతాలో వేస్తుంది. పగలు పని, రాత్రి నిద్ర అనే ఆఫీసు జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన వస్తువు మూడు షిఫ్టుల ఊరికి వస్తే ఎదురయ్యే చిక్కులలో ఇది చిన్నది. ప్రాణానికి సంబంధించిన చిక్కు వేరే ఉన్నది.

సోవియట్ సహకారానికి 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన తరువాత భిలాయ్ దేశానికి రైలు పట్టాలను అందిస్తున్నది. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లెక్కలేదు. ఇప్పుడు ఈ ఊరి దుకాణాలలోనూ వెయ్యి, రెండు వేల రూపాయలకు చేతి పట్టీలు, స్మార్ట్ వాచీలు దొరుకుతున్నాయి. ఐడిసి సంస్థ అంచనా ప్రకారం దేశంలో స్మార్ట్ వాచీల సరఫరా 2023లో 5 కోట్లు దాటి, 2024లో సుమారు మూడున్నర కోట్లకు పడిపోయింది. మోజు కొంత తగ్గినట్లే కనిపిస్తున్నది. ఎంచుకుని కొనేవారికి ఇది మంచి అదను.

ఈ పరికరాలు నమ్మకంగా చెప్పగలిగినది ముఖ్యంగా నాడి వేగం. ఆకుపచ్చని కాంతిని చర్మంలోకి పంపి, రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె స్పందనలను లెక్కిస్తాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మందిపై ఏడు రకాల పట్టీలను పరీక్షించగా, ఆరింటిలో నాడి లెక్క 5 శాతం లోపు తేడాతో సరిపోయింది. ఖర్చయిన కేలరీల లెక్కలో మాత్రం అన్నిటికంటె మెరుగైనది సైతం 27 శాతం తప్పింది. అడుగుల లెక్క కూడా చేతి కదలికను బట్టే. ట్రాలీని రెండు చేతులతో పట్టుకుని నెట్టేవాని నడక చాలావరకు లెక్కకు రాదు. ఇక రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం వైద్యులు నిర్ణయించినది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి పుట్టినది. 2019లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, సగటున 72 ఏళ్ల వయసు గల మహిళలకు సుమారు 7,500 అడుగులు దాటాక అదనపు మేలు కనిపించలేదు. పదవీ విరమణ చేసి మైత్రీబాగ్ పరిసరాలలో నడిచే పెద్దలు పదివేలు పూర్తికాలేదని బాధపడనక్కరలేదు.

కొలిమి వేడిలో పనిచేసేవారికి నాడి లెక్క నిజంగా అక్కరకు వస్తుంది. విశ్రాంతికి కూర్చున్న వెంటనే నాడి నిమిషానికి 110 దాటితే, తరువాతి పని వ్యవధిని మూడో వంతు తగ్గించాలని అమెరికా ప్రభుత్వ సంస్థలు 1985లో మార్గదర్శకాలు ఇచ్చాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరిలో ఈ ఒక్క అంకెకే పట్టీ ఖరీదు చెల్లుతుంది.

ప్రమాదమంతా ప్రాణవాయువు శాతం చూపే అంకెతోనే. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎర్ర కాంతి, పరారుణ కాంతులతో కొలిచే సాధారణ పరికరానికి ఈ విషం పట్టిన రక్తం, ప్రాణవాయువు నిండిన రక్తం దాదాపు ఒకేలా కనిపిస్తాయి. స్పృహ తప్పే స్థితిలో ఉన్నవాని చేతికున్న వాచీ 98 శాతం చూపినా ఆశ్చర్యం లేదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2014 జూన్ 12న భిలాయ్ కర్మాగారంలోని పంపుహౌస్ వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ముప్ఫై మందికి పైగా అస్వస్థులయ్యారు. అటువంటి చోట ఒంటిమీద ఉండవలసినది వాచీ కాదు, చొక్కాకు తగిలించుకునే గ్యాస్ డిటెక్టరు. అది రక్తాన్ని కాక గాలిని కొలుస్తుంది, హద్దు మీరితే మోత మోగిస్తుంది. దానిని కార్మికుడు అంగట్లో కొనుక్కోనక్కరలేదు, యాజమాన్యం ఇవ్వాలి. పైగా మండే వాయువులు ఉండే చోటికి మామూలు ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకుపోవటమే నిప్పురవ్వకు దారి కావచ్చు. పట్టీ పెట్టుకుని లోపలికి వెళ్లేముందు భద్రతా విభాగాన్ని అడగటం అవసరం.

సూది గుచ్చకుండా రక్తంలోని చక్కెరను చెబుతామనే వాచీల జోలికి మధుమేహులు అసలే పోరాదు. అటువంటి వాచీని గాని, ఉంగరాన్ని గాని తాము ఆమోదించలేదని అమెరికా ఎఫ్‌డిఎ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకెను నమ్మి ఇన్సులిన్ తీసుకుంటే కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు.

కొనేవారు పగటి నిద్రను సరిగా నమోదు చేస్తుందా, ఆరోగ్య వివరాలు ఫోనులోనే ఉంటాయా లేక కంపెనీ చేతికి పోతాయా అని విచారించటం మంచిది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసినా, చదవకుండా నొక్కిన ‘అంగీకారం’ మీటను వెనక్కు తీసుకోవటం సులువు కాదు. దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. పట్టీని మణికట్టు ఎముకకు కాస్త పైన బిగుతుగా కట్టుకుని, పది నిమిషాలు చురుగ్గా నడిచి వచ్చి, మెడ దగ్గర వేలు పెట్టి నిమిషంపాటు నాడిని స్వయంగా లెక్కించాలి. ఆ లెక్కకూ వాచీలోని అంకెకూ పది తేడా ఉంటే, ఖరీదెంతైనా దానిని అక్కడే వదిలి రావచ్చు.