తాతయ్యకి కావాల్సిన పేజీ ఎక్కడ?

అర్ధరాత్రి పన్నెండు దాటింది. తాతయ్యకి ఒళ్లంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. మనవడు గబగబా వేలిమీద సూదితో గుచ్చి షుగర్ మీటరుతో పరీక్ష చేశాడు. అంకె రావాల్సిన చోట ఇంగ్లిషులో 'లో' అని రెండే అక్షరాలు! మీటరు పాడైందా? పట్టీ సరిగ్గా పెట్టలేదా? డబ్బాలోని పుస్తకం తెరిచాడు. పరిచయం, సాంకేతిక వివరాలు, డిస్‌ప్లే సందేశాలు, వారంటీ... ఏది చూడాలి?

ఏ ఇంట్లోనైనా ఎదురవగల పరిస్థితే ఇది. నిజానికి జవాబు ఆ పుస్తకంలోనే ఉంటుంది, 'డిస్‌ప్లే సందేశాలు' కింద. రక్తంలో చక్కెర మీటరు కొలవలేనంత తక్కువకు పడిపోయిందని దానర్థం. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే గ్లూకోజో చక్కెరో ఇవ్వాలి, వైద్యసాయం పొందాలి. అయితే ఆ కంగారులో ఉన్న కుర్రాడికి ఆ శీర్షిక తాతయ్య గురించేనని ఎలా తెలుస్తుంది? అదే, 'తెరమీద లో అని వస్తే ఏం చేయాలి?' అని ఉంటే!

బస్సు ముందు బోర్డు మీద ఊరి పేరు రాస్తారు కానీ ఇంజిను రకం రాయరు. ఎందుకంటే ప్రయాణికుడు వెతికేది ఊరినే. శీర్షిక కూడా అలాంటి బోర్డే.

ఎవరి మాట వారిది

యంత్రాన్ని తయారుచేసేవారు దాన్ని భాగాలుగా చూస్తారు. వాడేవారికి కనిపించేది తమ ఇబ్బంది ఒక్కటే. పైగా ఒకే విషయాన్ని అందరూ ఒకే పేరుతో పిలవరు. ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యుమైస్ అనే అమెరికా పరిశోధకులు 1987లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఒక వస్తువుకి పేరు చెప్పమంటే ఇద్దరికి ఒకే మాట తట్టే అవకాశం 20 శాతం కన్నా తక్కువేనట! 'సిగ్నల్ లేదు' అంటారొకరు. 'టవర్ పోయింది' అంటారింకొకరు. పుస్తకమేమో 'నెట్‌వర్క్ అనుసంధాన లోపం' అంటుంది. అందుకే వాళ్లు చెప్పిన చిట్కా... ఒకే విషయానికి వీలైనన్ని పేర్లు పెట్టి, ఏ పేరుతో వెతికినా అక్కడికే చేరేలా చూడమని.

ఐబీఎంలో పనిచేసిన జాన్ కారల్ 1980ల్లో కంప్యూటరు నేర్చుకునేవాళ్లను గమనించారు. పుస్తకం మొదటినుంచీ చదివే ఓపిక వాళ్లకు లేదు. నేరుగా పనిలోకి దిగిపోతున్నారు. దాంతో ఆయన బృందం పుస్తకాన్ని బాగా కుదించి, వాడేవారు చేయాలనుకునే పనుల ప్రకారం రాసింది.

ఇలా పెట్టి చూడండి

* పడే ఇబ్బందే శీర్షిక కావాలి. 'పాస్‌వర్డ్ నిర్వహణ' కాదు, 'పాస్‌వర్డ్ మర్చిపోతే'.

* తెరమీద కనిపించే మాటను ఉన్నదున్నట్టు శీర్షికలో పెట్టాలి.

* అసలు మాట ముందుండాలి. ఇంగ్లిషులో ప్రతి వరసా 'హౌ టు' అని మొదలైతే చూపు అక్కడే ఆగుతుంది. తెలుగులో 'ఎలా' చివరికొస్తుంది. 'సిమ్ మార్చడం ఎలా', 'బిల్లు కట్టడం ఎలా'... వెతికే మాటే ముందు కనిపిస్తుంది. మన భాషతో వచ్చిన సౌలభ్యమిది!

* ఒక శీర్షిక కింద ఒక్కటే పని. 'ఇతర వివరాలు' అంటే ఏమీ చెప్పనట్టే.

రాశాక ఆ శీర్షికలను మాత్రమే ఇంట్లో ఒకరికి చూపించి, 'ఫలానా ఇబ్బంది వస్తే ఏ పేజీ తీస్తావ్?' అని అడగండి. తడబడితే తప్పు వాళ్లది కాదు, శీర్షికది.

అమ్మకి రాసే నోటుపుస్తకం

ఉద్యోగాల కోసం బెంగళూరుకో అమెరికాకో వెళ్లే పిల్లలు ఫోన్ వాడకం గురించి అమ్మకి నోటుపుస్తకంలో రాసిపెడుతుంటారు. అందులో 'ఆడియో సెట్టింగ్స్' అని ఉంటే ఆమె ఆ పేజీ తీయదు. 'నా మాట నీకు వినపడకపోతే' అని రాయండి. వెతుక్కుని మరీ తీస్తుంది.

అన్నట్టు, మీ ఇంట్లో షుగర్ మీటరు ఉందా? డాక్టరుని అడిగి, ఏం చేయాలో నాలుగు ముక్కలు రాసి ఆ డబ్బా మూతకి అంటించండి. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టడం మాత్రం మర్చిపోకండి... 'లో అని వస్తే'!